మిద్దెపైన కంపెనీ: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే నవ్వొచ్చింది. ఒకరు పొడులు అమ్ముతారు, ఒకరు పెళ్లిపత్రికలు డిజైన్ చేస్తారు, ఒకామె మగ్గం వర్క్ చేస్తుంది. అందరి బాధా ఒకటే, ఇంట్లో కూర్చుని చేస్తున్న సంగతి కొనేవాళ్లకు తెలిసిపోతోందట. అదేదో దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు! సరే, ఒక్కొక్కటీ చూద్దాం. మొదటి జవాబు పొడుగైంది, మిగతావాళ్లకు కావాల్సింది కూడా సగం అందులోనే ఉంది కాబట్టి దాటేయకండి.

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి కొర్లగుంట. రెండేళ్లుగా కరివేపాకు పొడి, చెనక్కాయల పొడి, ఎండాకాలంలో మామిడికాయ ఊరగాయ చేసి అమ్ముతున్నాను. వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టాగ్రామ్, అంతే. తెలిసినవాళ్లు మళ్లీ మళ్లీ కొంటారు. కొత్తవాళ్లు మాత్రం రేటు అడుగుతారు, షాపు ఎక్కడ అంటారు, ముందు డబ్బు వేయండి అనగానే మాయమైపోతారు. బెంగళూరు, చెన్నై నుంచి కూడా అడుగుతున్నారు. మంచి వెబ్‌సైట్ ఉంటే నమ్ముతారని ఒకతను 35 వేలకు చేసిస్తానంటున్నాడు. చేయించమంటారా?

జవాబు: వద్దు చెల్లీ, ఇప్పుడే వద్దు. ముందు నీ దగ్గర నువ్వే కొనుక్కుని చూడు. నీ పేరు ఎన్నడూ వినని ఒకామె బెంగళూరులో రాత్రి పదింటికి నీ ఇన్‌స్టా పేజీ చూసిందనుకో, అక్కణ్ణుంచి పార్సెల్ విప్పేదాకా ఆమెకు ఏమేం కనపడతాయో వరసగా చూడు. ఊరికే ఊహించుకోవడం కాదు, మీ అక్క ఫోనో వదిన ఫోనో తీసుకుని నిజంగా ఆర్డర్ పెట్టు. నేను పెట్టాను ఒకసారి, సిగ్గేసింది. పేజీ మీద ఒక పేరు, వాట్సాప్‌లో ఇంకో పేరు, డబ్బు వేసే చోట మా ఆయన పేరు, పార్సెల్ మీద పంపినవారు అన్నచోట మా మరిది పేరు. నాలుగు చోట్ల నలుగురు మనుషులు. వీళ్లంతా ఎవరబ్బా అని నాకే అనుమానం వచ్చింది.

కొత్తవాళ్లు వెనక్కి తగ్గేది నువ్వు ఇంట్లో చేస్తున్నావని కాదు. ఊరగాయ ఇంట్లో చేసిందనే కదా వాళ్లు నీ దాకా వచ్చింది. డబ్బు వేశాక ఈమె ఫోన్ ఎత్తకపోతే నా గతేంటి, అదీ వాళ్ల భయం. నువ్వు ఖర్చు పెట్టే ప్రతి రూపాయీ ఆ భయం పోగొట్టడానికి పెట్టు. వెబ్‌సైట్ ఆ వరసలో ఎక్కడో చివర్న వస్తుంది.

డబ్బు వేసే చోటుతో మొదలుపెట్టు. యూపీఐ యాప్‌లు బ్యాంకు రికార్డులో ఉన్న పేరే చూపించాలని 2025లో నిబంధన వచ్చింది, కాబట్టి క్యూఆర్ కోడ్ కింద నువ్వు ఏ పేరు అచ్చేయించుకున్నా స్కాన్ చేసినామెకు కనపడేది ఖాతాదారు పేరే. మీ ఆయన ఖాతా అయితే మీ ఆయన పేరు వస్తుంది, ఆమె ఆగిపోతుంది. దీనికి మందు ఒకటే, వ్యాపారం పేరుతో కరెంట్ ఖాతా. ఒక్కరే యజమాని అయిన వ్యాపారానికి ఖాతా తెరవాలంటే ఆ వ్యాపారం ఉన్నట్టు చూపే కాగితాలు మామూలుగా రెండు అడుగుతారు. అందులో ఒకటి ఉద్యమ్ సర్టిఫికెట్, చిన్న వ్యాపారాలను నమోదు చేసుకుని కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది. 2020 జులై 1 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది, ఆధార్, పాన్ పెట్టుకుని ఇంట్లోంచే చేసుకోవచ్చు, పైసా ఫీజు లేదు. పైసా ఫీజు లేదన్న మాట ఇంకోసారి చదువు, ఎందుకంటే గూగుల్‌లో వెతికితే అచ్చం ప్రభుత్వ సైటులాగే ఉండే బయటి సైట్లు కొన్ని తగులుతాయి, అక్కడ వెయ్యో రెండు వేలో కట్టించుకుంటారు. అడ్రసు చివర గవ్ డాట్ ఇన్ ఉంటేనే ముందుకు పో. కరెంట్ ఖాతాలో కనీసం ఎంత ఉంచాలో కూడా ముందే అడిగి తెలుసుకో, లేకపోతే పొడుల మీద వచ్చిన లాభమంతా అక్కడే ఇరుక్కుంటుంది.

తర్వాత ఫోన్ నెంబరు. వ్యాపారానికి విడిగా ఒకటి ఉండాలి, అది ఎప్పటికీ మారకూడదు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, అనుభవించి తెలుసుకున్నా. నేను మొదట్లో మూడు వేల స్టిక్కర్లు వేయించాను, బంగారు రంగు అంచు, మధ్యలో కలశం, చూసి చూసి మురిసిపోయాను. నెంబరు మాత్రం ఇంట్లో ఊరికే పడి ఉన్న రెండో సిమ్‌ది. ఎండాకాలం పోయాక గిరాకీ తగ్గింది, ఆ సిమ్‌కు రీచార్జ్ చేయడం మర్చిపోయాను. మళ్లీ మామిడికాయల కాలం వచ్చేసరికి ఆ నెంబరు లేదు, పోయింది. స్టిక్కర్లు మాత్రం రెండు వేల పైచిలుకు మిగిలున్నాయి. పారేయడానికి మనసొప్పక మా అత్తా నేనూ రెండు రాత్రులు కూర్చుని కొత్త నెంబరు అచ్చేసిన తెల్లకాగితం ముక్కలు వాటి మీద అంటించాం. బంగారు అంచు మధ్యలో తెల్ల అతుకు! ఎట్లా ఉంటుందో నువ్వే ఊహించుకో.

ఆ నెంబరు మీద వాట్సాప్ బిజినెస్ వేసుకో, ఉచితమే, నీ మామూలు వాట్సాప్ పక్కనే అదే ఫోన్‌లో వేరే నెంబరుతో నడుస్తుంది. ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంటే దాంతో కూడా పెట్టుకోవచ్చు, ఓటీపీ మెసేజ్ బదులు ఫోన్ కాల్‌లో చెప్పించుకోవాలి, అంతే తేడా. 0877తో మొదలయ్యే నెంబరు చూస్తే వీళ్లెవరో ఊళ్లో పాతుకుపోయినవాళ్లే అనిపిస్తుంది జనానికి. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ అని ఉంటుంది, సరుకులన్నీ ఫొటో, బరువు, రేటుతో పెట్టు. "రేటు కోసం మెసేజ్ చేయండి" అని మాత్రం పెట్టొద్దు, ఆ ముక్క చూస్తే నాకే ఒళ్లు మండుతుంది, మనిషిని చూసి రేటు చెప్తారేమో అనిపిస్తుంది. రాత్రిపూట తనంతట తానే వెళ్లే మెసేజ్ కూడా రాసి పెట్టుకో, "ఉదయం 10 తర్వాత జవాబిస్తాం" అని. అందులో టైము రాశావంటే మాత్రం ఆ టైముకు నిజంగా జవాబివ్వాలి. పదింటికి అని చెప్పి సాయంత్రం ఇస్తే అసలు చెప్పకపోవడమే నయం.

ఇక ప్యాకెట్. తినే వస్తువు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రత సంస్థ, రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు, వంటింట్లో చేసినా సరే. నీలాంటి చిన్నవాళ్లకు బేసిక్ రిజిస్ట్రేషన్ ఉంది, ఫాస్‌కాస్ అనే పోర్టల్‌లో నువ్వే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వచ్చే 14 అంకెల నెంబరు ప్యాకెట్ మీద వేసుకోవాలి. బయటి రాష్ట్రాలకు పంపాలనుకుంటున్నావు కాబట్టి బేసిక్ సరిపోతుందా, పై లైసెన్సు తీసుకోవాలా అన్నది ఫుడ్ సేఫ్టీ ఆఫీసులో ముందే అడుగు. లేబుల్ మీద ఏమేం వేసి చేశావో చెప్పే వరస, ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, బ్యాచ్ నెంబరు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, నికర బరువు, అన్ని పన్నులూ కలిపిన ఎంఆర్‌పీ, నీ పూర్తి అడ్రసు, ఫిర్యాదు చేయడానికి నెంబరు, ఇవన్నీ ఉండాలి. ఇంకో చిన్న సంగతి, 250 పక్కన జీఎంఎస్ అని వేస్తుంటారు చాలామంది, తూనికలు కొలతల నిబంధనల ప్రకారం గ్రాముకు గుర్తు ఇంగ్లిష్ జీ ఒక్క అక్షరమే. ఎవరు పట్టించుకుంటారు అంటావేమో. సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్లు చూసి చూసి జనం కళ్లు అలవాటు పడ్డాయి, ఏది తక్కువైందో చెప్పలేరు గానీ ఏదో తక్కువైందని మాత్రం పట్టేస్తారు. పదిహేను రకాల రంగులతో లేబుల్ చేయించే కంటే ఈ వివరాలన్నీ ఉన్న తెల్లలేబుల్ మీద నల్లక్షరాలే ఎక్కువ నమ్మకంగా కనపడతాయని నా అభిప్రాయం.

బెంగళూరు, చెన్నై అన్నావు కదా, ఇక్కడ మనవాళ్లు చాలామంది పొరపాటు పడతారు. సరుకులు అమ్మేవాళ్లకు మన ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నిజమే. కానీ ఆ లెక్క రాష్ట్రం లోపల అమ్మకాలకే. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటిస్తే మొదటి ప్యాకెట్ నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. మనకిది మరీ ఇరకాటం, చిత్తూరులో బస్సెక్కితే గంటా గంటన్నరలో వేలూరు, కానీ అది తమిళనాడు, కర్నూలు ఎంతో దూరం, అయినా అది మన రాష్ట్రమే. కలంకారీ లాంటి కొన్ని చేతివృత్తుల సరుకులకు ఈ విషయంలో మినహాయింపు ఉంది, ఊరగాయలకు లేదు. కాబట్టి ఒక ఆడిటర్ దగ్గర అరగంట కూర్చో, ఆ ఫీజు దండగ కాదు. రిజిస్ట్రేషన్ వచ్చేదాకా బిల్లు ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా, దాని మీద జీఎస్టీ అని ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు. బిల్లు నెంబరు ఒకటి నుంచి మొదలుపెట్టాలంటే చిన్నతనంగా ఉంటే 1001 నుంచి మొదలుపెట్టుకో, నేనూ అదే చేశా, కొనేవాళ్లకు దానివల్ల పోయేదేమీ లేదు.

ఫొటోల గురించి ఒక్క మాట. ఒకే కిటికీ పక్కన, ఒకే రంగు గుడ్డ మీద, పొద్దున పూట తీయి. వెనకాల గ్యాస్ సిలిండర్ కనపడకుండా చూసుకో. చాలు.

ప్రశ్న: అక్కా, నేను చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉంటాను. ఇంటి నుంచే పెళ్లిపత్రికలు, వాట్సాప్‌లో పంపే ఇన్విటేషన్ వీడియోలు, చిన్న షాపులకు లోగోలు డిజైన్ చేస్తాను. ఒక్కడినే. పెద్ద ఆర్డర్లు ఇచ్చేవాళ్లు మీ కంపెనీలో ఎంతమంది అని అడుగుతున్నారు. లెటర్‌హెడ్ మీద ప్రైవేట్ లిమిటెడ్ అని వేసుకోవచ్చా? ఫోన్ చేస్తే మా తమ్ముడు ఎత్తి "ఒక్క నిమిషం, డిజైన్ డిపార్ట్‌మెంట్‌కు కలుపుతాను" అని నాకిస్తే ఎట్లా ఉంటుంది?

జవాబు: మీ తమ్ముడి సీను బాగుంది, సినిమాలో కామెడీకి పనికొస్తుంది. ఎప్పుడో ఒకరోజు వాడు కాలేజీకి పోయినప్పుడు నువ్వే ఎత్తి నువ్వే కలపాల్సొస్తుంది, అవతలివాళ్లకు గొంతు తెలిసిపోతుంది.

ప్రైవేట్ లిమిటెడ్ మాత్రం తమాషా కాదు తమ్ముడూ. రిజిస్టరు చేయని వ్యాపారానికి ఆ మాట తగిలిస్తే కంపెనీల చట్టం 2013లోని 453వ సెక్షన్ కింద జరిమానా, అదీ రోజు లెక్కన, రోజుకు 500 నుంచి 2,000 రూపాయల దాకా. లెటర్‌హెడ్ అచ్చేయించి ఏడాది వాడావనుకో, నువ్వే లెక్కేసుకో. అంతకంటే పెద్ద గొడవ ఇంకోటుంది, కంపెనీ నిజంగా ఉందా లేదా అన్నది కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా రెండు నిమిషాల్లో వెతకొచ్చు, పెద్ద ఆర్డర్ ఇచ్చేవాళ్లు తప్పకుండా వెతుకుతారు. నీ పేరు పక్కన ప్రొప్రయిటర్ అని వేసుకో, దాంట్లో చిన్నతనం ఏమీ లేదు, మన గాంధీ రోడ్డులో ఎన్ని షాపుల బోర్డుల మీద ఆ మాట ఉందో పోయి చూడు.

ఎంతమంది అని అడిగితే ఏం చెప్పాలి? "డిజైన్ నేనే చేస్తాను, అచ్చు పని ఫలానా ప్రెస్‌లో చేయిస్తాను, ఎక్కువ పని పడితే తెలిసిన ఇంకో ఇద్దరు డిజైనర్లను పిలుచుకుంటాను" అని చెప్పు. ఉన్నదే చెప్పావు, అయినా పని జరుగుతుందన్న ధైర్యం వచ్చింది వాళ్లకు. "మేము" అనొచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. అదృష్టం, మనం తెలుగువాళ్లం. ఒంటరిగా ఉన్నవాడు కూడా మా ఇల్లు, మా ఊరు, మా ఆవిడ అనే అంటాడు, మా ఆవిడ అన్నాడని ఎవరూ కేసు పెట్టరు. కాబట్టి "మేము రెండు రోజుల్లో పంపిస్తాం" అని నిశ్చింతగా రాసుకో.

నువ్వు నిజంగా మార్చుకోవాల్సింది ఈమెయిల్. నీ ఉత్తరం వచ్చిన ఐడీ చూశాను, చివర 143 ఉంది. ఎప్పుడో ఇంటర్‌లో పెట్టుకున్నట్టున్నావు, ఇప్పుడు దాన్నుంచి కొటేషన్ పంపితే ఎంత బాగుంటుందో ఆలోచించు. సొంత డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో నీ వ్యాపారం పేరుతో ఒక అడ్రసు, తీసుకో. డాట్ ఇన్ అయితే ఏడాదికి వెయ్యి లోపే దొరుకుతుంది చాలాచోట్ల, కానీ మొదటి ఏడాది 99 రూపాయలే అనేవాళ్ల దగ్గర రెండో ఏడాది రేటెంతో చూసుకుని కట్టు. డొమైన్ నీ పేరు మీద, నీ ఈమెయిల్‌తో, నీ కార్డుతో కొనాలి. వెబ్‌సైట్ చేసే అతని పేరు మీద ఉందంటే రేపు అతను ఫోన్ ఎత్తకపోతే నీ వ్యాపారం పేరు అతని జేబులో ఉన్నట్టే. ఇట్లా ఇరుక్కున్నవాళ్ల ఉత్తరాలు నాకు నెలకొకటైనా వస్తుంది. డొమైన్ ఉంటే దాని మీద ఈమెయిల్ పెట్టుకోవడానికి గూగుల్ అయితే నెలనెలా డబ్బు తీసుకుంటుంది, చెన్నైవాళ్ల జోహోలో ఒకరిద్దరికి సరిపోయే ఉచిత ప్లాన్ కూడా ఉంది, షరతులు చదువుకుని తీసుకో.

ఇంకోటి. ఆర్డర్ ఒప్పుకునే ముందు ఒక పేజీ కొటేషన్ పంపడం అలవాటు చేసుకో. ఎన్ని డిజైన్లు చూపిస్తావు, ఎన్నిసార్లు మార్పులు ఉచితం, అడ్వాన్స్ ఎంత, పెళ్లివాళ్లు అచ్చుకు ముందు పేర్లు, ముహూర్తం సరిచూసి "ఓకే" అని రాసివ్వాలి, ఇవన్నీ అందులో ఉండాలి. ముహూర్తం టైము తప్పు పడిన పత్రిక ఎవరి నెత్తిన పడుతుందో నేను చెప్పక్కర్లేదు. పెద్ద డిజైన్ ఆఫీసు చేసేదీ ఇదే, నువ్వు చేసేదీ ఇదే, అవతలివాళ్లకు తేడా కనపడదు.

ప్రశ్న: మేడం, తిరుపతి బైరాగిపట్టెడలో ఇంట్లోనే మగ్గం వర్క్ జాకెట్లు చేస్తాను. ఇన్‌స్టాలో చూసి ఆర్డర్లు వస్తున్నాయి. అడ్రస్ పెట్టకపోతే ఫేక్ అంటున్నారు, పెడితే ఏ టైములో అంటే ఆ టైములో తలుపు కొడుతున్నారు. ఇంట్లో మగవాళ్లు లేనప్పుడు భయంగా ఉంది. ఏం చేయను?

జవాబు: భయపడటంలో తప్పు లేదండీ, అడ్రస్ అంతా ఊరందరికీ చెప్పాలని ఎక్కడా లేదు. మీది మనుషులు వచ్చి కొలతలిచ్చి పోయే పని కాబట్టి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోండి. పూర్తిగా ఆన్‌లైన్‌లోనే అమ్మేవాళ్లకు గూగుల్ దీన్ని ఇవ్వదు, పై పొడుల చెల్లికి దొరకదు, మీకు దొరుకుతుంది. అందులో ఇంటి నెంబరు, వీధి దాచేసి ఏయే ప్రాంతాలవాళ్లకు చేస్తారో మాత్రం చూపించొచ్చు. గూగుల్‌వాళ్లు చాలాసార్లు వీడియో అడుగుతారు, వీధి మొదలు, మీ ఫ్రేము, సూదులు, పని జరుగుతున్న గది, అన్నీ ఆపకుండా ఒకే వీడియోలో చూపించాలి. ఆ రోజు ఇల్లు కాస్త సర్దుకోండి.

ప్రొఫైల్‌లో "ముందుగా టైము తీసుకుని రావాలి, ఉదయం 11 నుంచి సాయంత్రం 5" అని రాయండి. అడ్వాన్స్ వేసినవాళ్లకే పూర్తి అడ్రస్, లొకేషన్ పంపండి. అడ్వాన్స్ వేసినామె ఊరికే తలుపు కొట్టదు. ఉత్తరాలకు పోస్టాఫీసులో పోస్ట్ బాక్స్ అద్దెకు తీసుకోవచ్చు, కానీ ప్రైవేట్ కొరియర్లవాళ్లు దానికి డెలివరీ ఇవ్వరు. తినే సరుకు ప్యాక్ చేసి అమ్మేవాళ్లు ఈ దారి పట్టకండి, వాళ్ల ప్యాకెట్ మీద తయారుచేసిన చోటు పూర్తి అడ్రసు ఉండాల్సిందే.

మీ పనిలో పేరు నిలిచేదీ పోయేదీ ఆది జాకెట్టు దగ్గర. వాళ్లిచ్చిన ఆది జాకెట్టు పోయిందంటే మీ వర్క్ ఎంత బాగున్నా ఆ ఇంటి ఆడవాళ్లంతా జీవితాంతం చెప్పుకుంటారు. రాగానే వాళ్ల ముందే ఫొటో తీసి, ఒక సంచీలో వేసి, నెంబరు చీటీ పిన్ను చేయండి. అదే నెంబరుతో రెండు కాపీల చీటీ రాయండి, గుడ్డ ఎంత ఇచ్చారు, ఏ డిజైన్, అడ్వాన్స్ ఎంత, ఏ రోజు ఇస్తారు. కార్బన్ పేపరు పెట్టిన వంద రూపాయల బిల్లు బుక్కు చాలు దీనికి. ఇచ్చే తేదీ మీరనుకున్న దానికి రెండు రోజులు కలిపి చెప్పండి, శ్రావణమాసంలో అయితే వారం కలపండి. వెనకాల కుక్కర్ విజిల్ వినపడితే నవ్వేసి "వంట అవుతోందండీ" అనండి, ఆడవాళ్లే కదా ఫోన్ చేసేది, అర్థం చేసుకుంటారు. కొలతలు రాసుకునే కాల్ మాత్రం పిల్లలు స్కూలుకు పోయాకే చేయండి.

ప్రశ్న: అక్కా, తిరుచానూరు నుంచి రాస్తున్నాను. మేము లడ్డూలు, సున్నుండలు, నిప్పట్లు చేసి ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నాం. పేరులో తిరుపతి లడ్డు అని పెడితే అందరూ చూస్తారు కదా? లోగో పక్కన సున్నాలో ఆర్ గుర్తు పెడితే పెద్ద బ్రాండులా ఉంటుందట, నిజమేనా?

జవాబు: రెండూ వద్దు. తిరుపతి లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ చోటి సరుకుకే చెందుతుందన్న రక్షణ, వచ్చింది, ఆ హక్కు టీటీడీది, ఆ పేరుతో వేరేవాళ్లు లడ్డూ అమ్మితే కోర్టు దాకా పోతుంది. స్వామి ప్రసాదం పేరు వాడుకుని వ్యాపారం చేయడం మనసుకూ బాగుండదు, ఆ సంగతి మీకు నేను చెప్పాలా. సున్నాలో ఆర్ గుర్తు ట్రేడ్‌మార్క్ రిజిస్టరు అయ్యాకే వాడాలి, అంతకు ముందు వాడితే జరిమానా పడుతుంది. టీఎం అని చిన్నగా వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఫీజు వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక్కో సరుకు తరగతికి 4,500 రూపాయలు, వ్యాపారం ఏడాది నడిచాక ఆలోచించండి.

పేరు సంగతికి వస్తే, బాలాజీ, శ్రీనివాస, పద్మావతి, ఈ మూడూ పక్కన పెట్టండి. భక్తి లేక చెప్పడం లేదు. తిరుపతిలో ఒక వీధిలో ఆ పేర్లతో ఎన్ని బోర్డులుంటాయో లెక్కపెట్టలేం, గూగుల్‌లో మీ పేరు కొడితే లాడ్జీలూ ట్రావెల్సూ మందులషాపులూ వస్తాయి, మీరు ఎక్కడో ఆరో పేజీలో. మీ అవ్వ పేరో, ఇంటిపేరో, ఇంట్లో నిప్పట్లకు మీరు పిలుచుకునే ముద్దుపేరో పెట్టండి. ఫోన్‌లో ఒకసారి చెప్తే అవతలివాళ్లు తప్పు లేకుండా రాసుకోగలగాలి, అదొక్కటే పరీక్ష. ఇన్‌స్టాలో, డొమైన్‌లో ఆ పేరు ఖాళీగా ఉందో లేదో చూశాకే లోగోకు డబ్బివ్వండి. "1978 నుంచి" అని వేయాలని ఉంటే అవ్వ చేతివంట 1978 నుంచి అని రాయండి, వ్యాపారం 1978 నుంచి అని కాదు.

ప్రశ్న: చుట్టాలతో, ఫ్రెండ్స్‌తో అయిదు స్టార్ల రివ్యూలు రాయించుకోవడం తప్పా? అందరూ చేస్తున్నారు కదా. (పుత్తూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తప్పే. అమ్మేవాళ్లు తామే కొన్నట్టు నటించి రివ్యూ రాయకూడదని 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల్లోనే ఉంది. అది పక్కన పెట్టినా, ఇరవై రివ్యూలూ ఒకే వారంలో, సగం మీ ఇంటిపేరుతోనే ఉంటే చదివేవాళ్లు గుడ్డివాళ్లా? కొన్నవాళ్లకు పార్సెల్ అందిన మూడో రోజు "ఎట్లా ఉందండీ?" అని మెసేజ్ పెట్టండి, బాగుందంటే ఆ మాటే రివ్యూగా రాయమని లింకు పంపండి. పదిమందిలో ఇద్దరు రాస్తారు, అవి నిలుస్తాయి. ఒకరు బాగాలేదని రాస్తే గొడవకు దిగకుండా రెండు వాక్యాల్లో జవాబివ్వండి, కొత్తవాళ్లు ముందు చదివేది ఆ జవాబునే.

ప్రశ్న: అక్కా, ఊరగాయ పార్సెల్ పంపితే నూనె కారి అట్టపెట్టె అంతా తడిసిపోతోంది. ఒకామె ఫొటో తీసి ఇన్‌స్టాలో పెట్టి పరువు తీసింది. (పలమనేరు)

జవాబు: ఆ పెట్టె మీద సబ్బుల కంపెనీ పేరు కూడా ఉండి ఉంటుంది, కిరాణా షాపులో అడిగి తెచ్చిన పెట్టె కదా? నేనూ పంపాను అట్లాంటివి, అందుకే అడుగుతున్నా. ముందు ఆమెకు ఫోన్ చేయండి, మెసేజ్ కాదు, ఫోన్. కొత్త పార్సెల్ మీ ఖర్చుతో ఎప్పుడు బయలుదేరుతుందో చెప్పి ఆ రోజే పంపి ట్రాకింగ్ నెంబరు ఇవ్వండి. పోస్టు తీసేయమని మాత్రం అడగొద్దు, రెండో పార్సెల్ అందాక చాలామంది వాళ్లే తీసేస్తారు, లేదా కింద ఇంకో మాట రాస్తారు.

నూనె కారేది మూత దగ్గర. ప్లాస్టిక్ జాడీ అయితే మూత కింద అల్యూమినియం సీలు వేయించాలి, దానికి చేతిలో పట్టుకుని వేసే చిన్న మిషన్లు దొరుకుతాయి. అంత గిరాకీ లేకపోతే మందపాటి పౌచ్‌లో పోసి, అంచు మీద నూనె చుక్క లేకుండా పొడిగుడ్డతో తుడిచి రెండు వరసల సీలు వేయండి. అంచుకు నూనె అంటితే సీలు అతకదు, సగం పార్సెళ్లు కారేది అందుకే. జాడీ అయితే నిండా పోయకుండా వేలెడు ఖాళీ వదలండి, ఎండకు లోపల ఉబ్బుతుంది. పౌచ్‌ను ఇంకో కవర్లో పెట్టి, చుట్టూ పాత పేపర్లు కుక్కి, ఏ పేరూ లేని కొత్త అట్టపెట్టెలో కదలకుండా సర్దండి. పెట్టె మూసి ఒకసారి తలకిందులుగా రాత్రంతా ఉంచి పొద్దున చూడండి. కింద పేపరు పొడిగా ఉంటే పంపించేయండి, లేకపోతే విప్పి మళ్లీ కట్టండి.